పై మెట్టు

ఇనప పళ్ళ కర్రను ఊచల తెర మధ్యకు దించి, ఒక్క గుంజు గుంజి, పట్టుబడినదాన్ని గట్టు మీదికి విదిలించాడు. ఆకులు, పాల కవర్లు, ఒక టూత్‌బ్రష్షు, తల లేని ప్లాస్టిక్ బొమ్మ. మళ్ళీ దించాడు. కాలవలో నీళ్ళు చీలమండ దాకా కూడా లేవు. అయినా పై వీధులు వద్దనుకున్నవన్నీ తెల్లవారేసరికి ఆ ఊచల దగ్గర చేరి, పిలవని చుట్టాల్లా ఆయన కోసం కాచుకుని కూర్చుంటాయి. చెత్తని తట్టలోకి ఎత్తి, బొమ్మని మాత్రం కడిగి పిట్టగోడ మీద నిలబెట్టాడు. ఆ గోడ మీద ఇప్పటికే రెండు బంతులు, ఒక చెంచా, ఎవరిదో ఎడమకాలి చెప్పు ఉన్నాయి. పోగొట్టుకున్నవాళ్ళు అటుగా వచ్చినప్పుడు చూసుకుని పట్టుకెళ్తారు. ఎవరూ రానివి ఎండకి వెలిసిపోతాయి. ఆయన వాటినీ పారెయ్యడు.

మనిషి పొట్టి. కుడి భుజం ఎడమ భుజం కంటే ఒక పిసరు కిందికి ఉంటుంది. తూము తలుపు ఎత్తే చక్రాన్ని ఒకే వైపు నిలబడి తిప్పీ తిప్పీ వచ్చిన వంపు అది. అరచేతులు కాయలు కాసి చెక్కలా ఉంటాయి. పాదాలు వెడల్పు, వేళ్ళు దేనికది విడివిడిగా నేలని పట్టుకునేలా పరుచుకుని ఉంటాయి. కాళ్ళకి తోలు చెప్పులు. ఎడమ చెప్పు మడమ దగ్గర అరిగి పల్చబడింది. పట్టీ తెగినచోట ఆయనే మేకు కొట్టుకున్నాడు. ఆ మేకు తుప్పు పట్టి బొటనవేలి పక్కన మరక వేసింది, ఎంత తోమినా పోదు.

ఆ చుట్టుపక్కల అందరికీ ఆయన చక్రం బాబాయ్. చక్రం తిప్పేవాడంటే ఎక్కడైనా పదిమంది వెనక తిరుగుతారు. ఈయన చక్రానికి అంత వైభవం లేదు. ఎండాకాలమంతా దాని మీద ఒక పిల్లి పడుకుంటుంది.

చక్రం ఉన్న దిమ్మ మీంచి చూస్తే కింద పెద్ద గుంట. ఏటవాలు సిమెంటు గోడలు, అడుగున పచ్చగడ్డి. గేటు దగ్గర బోర్డు మీద 'అదనపు వాననీటి నిల్వ ప్రదేశం' అని రాసి ఉంటుంది. అంత పేరు పలికే ఓపిక ఎవరికి? అందరూ దాన్ని గిన్నె అంటారు. చుట్టూ ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్ళు, ఒకే రంగు ప్రహరీలు, వాటి మధ్య వాలుగా దిగే వీధులు. ఆ వీధుల వాలంతా చివరికి ఈ గిన్నె వైపే. ఏడాదిలో ముప్పాతిక భాగం అది ఖాళీగా ఉంటుంది. పొద్దున పెద్దవాళ్ళు నడుస్తారు, మధ్యాహ్నం సైకిలు నేర్చుకునేవాళ్ళు పడుతూ లేస్తూ ఉంటారు, సాయంత్రం బంతాటలు. గట్టి వాన పట్టిందంటే మాత్రం వీధి కాలవ మింగలేని నీళ్ళన్నీ ఈ గిన్నె తాగాలి. తాగించేవాడు చక్రం బాబాయ్. తూము తెరవడం ఆలస్యమైతే కాలవ పొంగి, గట్టుకి ఆనుకుని కిందున్న పల్లపు వీధిలోకి ముందు నీళ్ళు పోతాయి.

ఆ పల్లపు వీధిలోనే ఆయన కూతురు ఉంటుంది. రెండు వానాకాలాలుగా తండ్రితో మాట్లాడదు.

"ఏమయ్యా చక్రం, ఇవాళ పనుందా?" కింద గడ్డిలోంచి చేతికర్ర ఊపాడు మాస్టారు. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. రోజూ నాలుగు చుట్లు తిరిగి ఐదు తిరిగానని ఇంట్లో చెబుతాడు.

ఆయన ఆకాశం వైపు చూశాడు. తెల్లగా, ఉడికిన గుడ్డులా ఉంది. గాలి లేదు. "ఉండొచ్చండీ. మధ్యాహ్నం దాటాక."

మాస్టారు మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీరేదాకా పిట్టగోడకి ఆనుకుని నిలబడ్డాడు. తల లేని బొమ్మని చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, మళ్ళీ అక్కడే పెట్టాడు. "అమ్మాయి మాట్లాడిందా?"

"లేదండీ. నిన్న సాయంత్రం మాత్రం ఒకసారి ఇటు చూసింది."

"నిన్ను చూసిందా, మబ్బుని చూసిందా?"

"నేనూ మబ్బూ ఒకే వైపున్నాం కదండీ," అని నవ్వాడు.

మాస్టారు కూడా నవ్వి, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవనివ్వకుండా కర్ర పుచ్చుకుని వెళ్ళిపోయాడు.

కూతురు అవతలి రోడ్డు మీద కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. మధ్యాహ్నం షిఫ్టు అయ్యాక ఇంటికి వెళ్ళాలంటే గట్టు మీది బాటే దగ్గర దారి. కానీ ఆ బాట ఆయన ఉండే కాపలా గది గుమ్మం ముందు నించి పోతుంది. అందుకని ఆమె అవతలి వైపు మెట్లు దిగి, గిన్నె అడుగున గడ్డిలో అడ్డంగా నడిచి, మూల మెట్లెక్కి పల్లపు వీధిలోకి పోతుంది. తండ్రి మొహం చూడకూడదని పట్టిన దారి అది. ఆమెకి తెలుసో తెలియదో కానీ, ఆ దారిన పోతే ఆయనకి ఈ చివర నించి ఆ చివర దాకా కనిపిస్తూనే ఉంటుంది. భుజాన సంచీ, కొంచెం వంచిన తల, తల్లి నడకే. ఆ కాసేపూ ఆయన వేరే పని పెట్టుకోడు. అదే ఆయనకి రోజు మొత్తం మీద దక్కేది.

గది ఊడ్చుకున్నాడు. గది అంటే ఒక మంచం, ఒక స్టూలు, ఒక పొయ్యి, మేకుకి వేలాడే ఈల, తలుపు వెనక చుట్టిపెట్టిన ఎర్ర జెండా గుడ్డ. కూతురు పుట్టిందీ పెరిగిందీ ఈ గదిలోనే. సైకిలు నేర్చుకున్నది కింద గడ్డిలో. భార్య బతికున్న రోజుల్లో ఒకసారి ఉతికిన ఎర్ర దుప్పటిని తాడు మీద చోటు లేక జెండా కర్రకి ఆరేసింది. తూము తెరుస్తున్నారనుకుని గిన్నెలో జనమంతా గోలగోలగా మెట్లెక్కేశారు. ఆటలో గెలవబోతున్నవాళ్ళు ఎండలో నిలబడి ఆకాశాన్ని తిట్టారు. "ఎర్ర దుప్పటి కొననిచ్చిందెవరు? మీరేగా," అని భార్య ఆయన మీదే విరుచుకుపడింది. ఆమె పోయి చాలాకాలమైంది. ఆ దుప్పటి ఇప్పటికీ మంచం మీద ఉంది, రంగు వెలిసి గులాబీ అయింది. ఇప్పుడు ఆరేసినా ఎవరూ భయపడరు.

తూము తెరిచే ముందు చేయాల్సిన పనులు ఆయనకి పాత కాపలాదారు నేర్పినవి. జెండా కట్టాలి, ఈల ఊదాలి. ఆ తర్వాత ఎవరెన్ని చెప్పినా అడుగంతా కాలినడకన ఒకసారి తిరిగి రావాలి. ఎందుకంటే తూము నోరు చక్రం దిమ్మకి సరిగ్గా కిందుంటుంది, పైనించి కనబడదు. చినుకు పడగానే తలదాచుకోవడానికి జనం దూరేదీ అందులోనే. పైన కప్పు, పక్కన గోడలు, పొడి నేల. నీళ్ళు రాబోయేది అక్కణ్ణించే అన్న సంగతి వానలో ఎవరికి గుర్తుంటుంది? ఇలా అడుగు నడవడానికి దిగేవాడు చెప్పులు పై మెట్టు మీద వదలాలి. తిరిగొచ్చి అవి తొడుక్కున్నాకే చక్రం ముట్టుకోవాలి. మెట్టు మీద చెప్పులున్నాయంటే మనిషి లోపలున్నట్టు. అప్పుడు మిన్ను విరిగి మీద పడినా చక్రం మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. ఈ మాట ఏ ఉత్తర్వులోనూ లేదు. ఒకప్పుడు లోపల మనిషి ఉండగానే ఎవరో చక్రం తిప్పారట. నోట్లో బురదతో, చావు తప్పి పైకి తేలినవాడు ఆ పాత కాపలాదారే. మర్నాడే ఈ పద్ధతి పుట్టింది.

కూతురు చిన్నప్పుడు ఒకరోజు ఆ చెప్పులు తన కాళ్ళకి వేసుకుని గట్టు మీద టపటపా తిరిగింది. పైకొచ్చి చూసిన ఆయన జీవితంలో మొదటిసారీ చివరిసారీ ఆ పిల్ల మీద చెయ్యి చేసుకున్నాడు. తర్వాత ఏడుస్తున్న దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తనూ కళ్ళు తుడుచుకుని, "అవి అక్కడున్నంతసేపూ మీ నాన్న ఉన్నట్టమ్మా. తీసేస్తే నేను లేనట్టే," అని చెప్పాడు. ఆ తర్వాత ఆ పిల్ల పై మెట్టు దగ్గర కాపలా కుక్కలా కూర్చునేది. ఆయన దిగితే చాలు, ఆ దారిన పోయేవాళ్ళందరికీ "మా నాన్న లోపలున్నాడు" అని చెప్పేది.

మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే అల్లుడు వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే పని. నోట్లో నాలుక లేని మనిషి. భార్య మాట్లాడకపోయినా మామగారింటికి రావడం మానలేదు, అలాగని వచ్చినట్టు ఇంట్లో చెప్పనూ చెప్పడు. కిందటేడు ఆయన కళ్ళజోడు పగిలితే అల్లుడే కొత్తది తెచ్చి మంచం మీద పెట్టి వెళ్ళాడు. నంబరు అచ్చుగుద్దినట్టు సరిపోయింది. ఎవరు పంపారని ఈయన అడగలేదు. అల్లుడూ చెప్పలేదు. ఆ కళ్ళజోడు తీసినప్పుడల్లా చొక్కా అంచుతో కాకుండా, దానితో వచ్చిన మెత్తటి గుడ్డతోనే తుడుస్తాడు.

అల్లుడు గుమ్మంలో నిలబడి టోపీని చేతుల్లో తిప్పాడు. "మామయ్యా, ఇల్లు మారుతున్నాం. నెలాఖరుకి."

"ఎక్కడికి?"

"ఎత్తుమీద. కొత్త కాలనీలో. అక్కడికి నీళ్ళు రావు."

"మంచిదే," అన్నాడాయన. కడిగి పెట్టిన పళ్ళాన్ని తీసి, తోమినదాన్నే మళ్ళీ తోమడం మొదలుపెట్టాడు. "ఎత్తుమీద ఇల్లు మంచిదే."

"దుకాణం నించి అటే వెళ్ళిపోతుంది ఇంక. ఇటు రానక్కర్లేదు," అని, అన్నాక నాలుక కరుచుకున్నాడు అల్లుడు.

"అదీ మంచిదే. ఎండలో ఈ గడ్డిలో నడవడం ఎందుకు?"

అల్లుడు వెళ్ళాక ఆయన చాలాసేపు కుళాయి కట్టలేదు. ఎడమ చెయ్యి భుజం నించి మోచేతి దాకా లాగింది. ఈమధ్య అలా లాగుతోంది. చక్రం బిగుసుకుపోవడం వల్లేనని చక్రానికి నూనె పెట్టాడు కానీ, చేతిని ఎవరికీ చూపించుకోలేదు.

కూతురి కోపం అన్యాయమైనదని ఆయన ఏనాడూ అనుకోలేదు. రెండు వానాకాలాల కిందట ఆ రోజు వాన కుండపోతగా పడుతోంది. ఈల విని అందరూ ఎక్కేశారు. తూము తెరిచేయొచ్చు. కానీ అవతలి మూల గడ్డిలో ఒక నల్ల గొడుగు తెరిచి ఉంది, దాని కింద ఎవరో కూర్చున్నట్టు కదులుతోంది. చెప్పులు వదిలి దిగాడు. ఆ చివరిదాకా నడిచి వెళ్ళి ఎత్తి చూస్తే అది ఉట్టి గొడుగు. గాలికి కొట్టుకొచ్చి గడ్డిలో చిక్కుకుంది. తిరిగొచ్చి తూము తెరిచేసరికి పల్లపు వీధి మునిగింది. కూతురు అత్తగారు మంచం పట్టిన మనిషి. ఇంట్లో ఒక్కతే ఉంది. నీళ్ళు పరుపు దాకా వచ్చాయి. పక్కింటివాళ్ళు ఎత్తుకొచ్చేసరికి నిలువునా తడిసి వణికిపోతోంది. జ్వరం పట్టి నెల తిరగకుండా పోయింది. తల్లి లేని ఈ పిల్లకి జడ వేసింది, కడుపులో పెట్టుకుని చూసింది ఆ అత్తగారే. అందరూ వెళ్ళిపోయాక కూతురు ఈ గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. "ఖాళీ గొడుగు కోసం మా అత్తని ముంచావు నాన్నా," అంది. అంతే. మళ్ళీ నోరు విప్పలేదు.

ఆయన ఏం చెబుతాడు? గొడుగు కింద మనిషి ఉండుంటే అనొచ్చు. లేడు కదా.

దుకాణం షిఫ్టు వదిలే వేళకి గాలి ఒక్కసారి స్తంభించింది. ఉత్తరాన మబ్బు సిరా ఒలికినట్టు దిగింది. ఆయన ఎర్ర గుడ్డని కర్రకి కట్టి, ఈల ఊదాడు. సైకిళ్ళవాళ్ళు మెట్ల మీదుగా సైకిళ్ళు ఈడ్చుకుంటూ ఎక్కారు. బంతి కోసం ఒకడు వెనక్కి పరిగెడితే కేకేసి రప్పించాడు. మళ్ళీ ఊదాడు. మొదటి చినుకులు రూపాయి బిళ్ళంత పడ్డాయి, ఆ వెంటనే ఆకాశానికి చిల్లు పడినట్టు మొదలైంది. అవతలి గట్టు కనబడటం మానేసింది. గడ్డి ఉన్నచోట బూడిద రంగు ముద్ద ఒకటే ఉంది.

ఆమె వచ్చే వేళ అది. అవతలి మెట్లు దిగిందా? దిగకముందే ఈల విందా? తలదాచుకోవడానికి తూము నోట్లోకి వెళ్ళిందా?

"బాబాయ్!" పల్లపు వీధి వైపు నించి మెకానిక్కు పరిగెత్తుకొచ్చాడు. ఆ వీధి మొదట్లోనే అతని బళ్ళ షెడ్డు. వెంట మరో ఇద్దరు. "కాలవ అంచు దాకా వచ్చేసింది. తియ్యి, తొందరగా తియ్యి!"

"నడిచొస్తాను."

"ఎవరూ లేరు బాబాయ్! నేను చూశాను, అందరూ ఎక్కేశారు. కిందటిసారీ ఇంతే చేశావు, గుర్తులేదా?"

అది పుండు మీద కారం అని మెకానిక్కుకి కూడా తెలుసు. అన్నాక మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆయన మాత్రం వంగి, చెప్పులు విప్పి, పై మెట్టు మీద పక్కపక్కనే పెట్టి, గోడ పట్టుకుని దిగాడు.

ముందు తూము నోరు. చీకట్లోకి తల పెట్టి, "అమ్మలూ," అని పిలిచాడు. ఆ పిలుపు గోడలకి కొట్టుకుని తిరిగొచ్చింది. ఇనప తలుపు అవతల నీళ్ళు గుద్దుతున్న చప్పుడు, పశువు కొట్టం తలుపు పొడిచినట్టు. చేతులతో తడిమి చూశాడు. ఎవరూ లేరు. బయటికొచ్చి గోడ వెంబడి నడక మొదలుపెట్టాడు. కళ్ళజోడు మీద నీళ్ళు కారి ఏమీ ఆనలేదు. తీసి జేబులో పెట్టుకుంటే అసలే ఆనలేదు. గడ్డిలో నీళ్ళు చేరి, పాదాలు జారకుండా వేళ్ళు మట్టిలోకి దిగుతున్నాయి. ఈల ఊదుదామంటే ఊపిరి చాలలేదు. ఆగి, మోకాళ్ళ మీద చేతులానించి, మళ్ళీ నడిచాడు. ఈపాటికి పల్లపు వీధిలో గుమ్మాలు దాటి ఉంటుంది. మళ్ళీ కూతురిల్లే. మళ్ళీ తన నడక వల్లే. నెలాఖరుకి వెళ్ళిపోయేవాళ్ళని ఈ పది రోజులు కూడా పొడి ఇంట్లో ఉండనివ్వలేకపోయాడు. అనుకుంటూనే నడిచాడు. అవతలి మూల దాకా వెళ్ళి, అక్కడి మెట్లు తడిమి, మూలలో ఏమీ లేదని చూసుకుని వెనక్కి తిరిగాడు. గొడుగు కూడా లేదు ఈసారి.

తిరిగొచ్చేటప్పుడు అడుగులు బరువెక్కాయి. మెట్ల మొదట్లో గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పైనించి అరుపులు వినబడ్డాయి.

"తప్పుకో చెల్లెమ్మా! ముందు నీ ఇంట్లోకే వచ్చాయి నీళ్ళు, చూసుకో పో!"

"రానీ."

ఆ గొంతు విని ఆయన ఎక్కబోతున్న మెట్టు మీదే ఆగిపోయాడు.

"రానీ అన్నా. తడిసేవాళ్ళెవరూ లేరు ఇంట్లో ఇప్పుడు. మా నాన్న కిందున్నాడు. చెప్పులు కనబడట్లేదా? అవి మెట్టు మీదుండగా దీని మీద చెయ్యేస్తే ఊరుకోను."

వాన హోరులో ఆ మాటలు తెగుతూ తెగుతూ వచ్చాయి, అయినా ఆయన ఒక్కటీ పోగొట్టుకోలేదు. గోడ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కాడు. తల గట్టు పైకొచ్చేసరికి కనిపించింది. కూతురు చక్రాన్ని రెండు చేతులా కావలించుకుని, దాని మీద బోర్లా వాలి నిలబడి ఉంది. సంచీ కాళ్ళ దగ్గర నీళ్ళలో పడి ఉంది. మబ్బు చూసి ఇవాళ ఆమె గిన్నెలోకి దిగలేదు. గట్టు మీది బాటనే, ఆయన గుమ్మం ముందు నించే వచ్చింది. మెకానిక్కూ మిగతావాళ్ళూ కోపంతోనూ సిగ్గుతోనూ నాలుగడుగుల దూరంలో ఆగిపోయి ఉన్నారు.

ఆమె తలెత్తి చూసింది. చక్రానికి ఒక పక్కకి జరిగి, ఆయనకి ఎప్పటి చోటు వదిలింది.

ఆయన నేరుగా వెళ్ళి పట్టుకున్నాడు.

"నాన్నా, చెప్పులు," అంది.

"తర్వాత."

ఇద్దరూ కలిసి తిప్పారు. మొదటి గుంజుకి కదలలేదు. మెకానిక్కు కూడా వచ్చి చెయ్యేశాడు. చక్రం కీచుమంది, ఇనప తలుపు ఒక పిసరు లేచింది, కాళ్ళ కింద దిమ్మ అదిరింది. నీళ్ళు ఒక్కసారి గిన్నెలోకి దూకాయి. మెకానిక్కు అంచు మీంచి కాలవలోకి తొంగిచూసి, "తగ్గుతోంది!" అని అరుచుకుంటూ వీధి వైపు పరిగెత్తాడు. మిగతావాళ్ళు అతని వెనకే పోయారు.

తండ్రీ కూతుళ్ళు మిగిలారు.

"ఎవరైనా ఉన్నారా లోపల?" అంది కూతురు.

అబద్ధం చెప్పడం ఆయనకి ఈ వయసులో కొత్తగా వచ్చే విద్య కాదు. "లేరమ్మా. ఖాళీయే," అని తల దించుకున్నాడు. రాబోయే మాట కోసం భుజాలు బిగించుకున్నాడు.

"పోన్లే," అంది ఆమె. "చూశావు కదా."

ఆయన తలెత్తాడు. వాన కాబట్టి చెంపల మీద ఏం కారిందో ఎవరికీ తెలియదు. ఆమె గదిలోకి వెళ్ళి, వెలిసిన దుప్పటి తెచ్చి ఆయన తల తుడిచింది, చిన్నపిల్లాడికి తుడిచినట్టు గట్టిగా, చెవుల వెనక కూడా. స్టూలు తెచ్చి గుమ్మం ముందు, చూరు కింద వేసి కూర్చోబెట్టింది.

"చేతులు ఇంత చల్లగా ఉన్నాయేంటి?"

"వాన కదమ్మా."

"ఇంటికెళ్ళి నీళ్ళు తోడాలి. అయ్యాక అన్నం వండి తెస్తా. పొయ్యి వెలిగించకు."

"ఎత్తుమీద ఇల్లు చూశారటగా."

"చూశాం." సంచీ పిండుతూ అంది. "మెట్లు ఎక్కువ. నువ్వు ఎక్కగలవో లేదో ఒకసారి వచ్చి చూడు. నీ గది వెనక వైపుంది."

ఆయన నవ్వాడు. "నెమ్మదిగా వెళ్ళు, గట్టు జారుతుంది," అన్నాడు. ఆమె గట్టు బాటనే వెళ్ళింది. మలుపు దగ్గర ఒకసారి ఇటు తిరిగి చూసింది. ఈసారి చూసింది మబ్బుని కాదు.

వాన సన్నబడి, ఆగింది. గిన్నెలో నీళ్ళు నెమ్మదిగా పైకొస్తున్నాయి, మెట్లు ఒక్కొక్కటే లోపలికి పోతున్నాయి. నీళ్ళ మీద ఆకులు, కాగితాలు, ఎక్కణ్ణించో కొట్టుకొచ్చిన పసుపుపచ్చ బకెట్టు తిరుగుతున్నాయి. బకెట్టుని రేపు పిట్టగోడ మీద పెట్టాలి అనుకున్నాడు. పడమట మబ్బు విడిపోయి, లేత ఎండ నీళ్ళ మీద పడింది. కప్పలు ఎక్కడినించో బెకబెకలు లంకించుకున్నాయి. జేబులోంచి కళ్ళజోడు తీసి, మెత్తటి గుడ్డ కోసం తడుముకున్నాడు. గుడ్డ తడిసి ముద్దయి ఉంది. దాంతోనే తుడిచి పెట్టుకున్నాడు. ఛాతీ మీద ఎవరో చెయ్యి వేసి మెల్లగా వెనక్కి నొక్కినట్టయింది. గోడకి ఆనుకున్నాడు. గోడ వెచ్చగానే ఉంది. ఇంత నిండుగా గిన్నెని చూసి ఎన్నాళ్ళయిందో. చక్రం మీదికి పిల్లి వచ్చి, తడి చూసి, మూతి ముడుచుకుని, ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆయన దాన్ని తోలలేదు.

దీపాలు పెట్టే వేళకి కూతురు డబ్బా పట్టుకుని వచ్చింది, వెనక అల్లుడు. దూరం నించే, "ఇంట్లోకి మడమ దాకానే వచ్చాయి నాన్నా. తోడేశాం," అని చెప్పుకుంటూ వచ్చింది. ఆయన తల ఒక పక్కకి వాలి ఉంది. కునుకు పట్టిందనుకుని గొంతు తగ్గించింది. డబ్బా గుమ్మంలో పెట్టి, జారిపోతున్న కళ్ళజోడు తీసి తన కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టబోయి ఆగిపోయింది. చేతి వెనక భాగం ఆయన చెంపకి ఆనించి అలాగే నిలబడింది. అల్లుడు వచ్చి ఆమె భుజం పట్టుకునేదాకా కదల్లేదు. అప్పుడు ఏడ్చింది. ఇన్నాళ్ళ మాటలూ ఒక్కసారే వచ్చినట్టు, మాటలు లేకుండా ఏడ్చింది.

పల్లపు వీధి అంతా వచ్చింది. మాస్టారు కర్ర లేకుండానే పరిగెత్తుకొచ్చాడు. మంచం మీదికి చేర్చి, నలుగురు నాలుగు కోళ్ళు పట్టుకున్నారు. రంగు వెలిసిన దుప్పటి కప్పారు. పాదాలు కొంచెం బయటికొచ్చాయి, వేళ్ళ మధ్య గిన్నె మట్టి ఇంకా అలాగే ఉంది. ముందు వైపు కోడు పట్టుకున్న మెకానిక్కు, ఉత్తకాళ్ళని చూసి, ఏదో గుర్తొచ్చినట్టు మెట్ల వైపు వెళ్ళి వంగాడు.

"ఉండనీ అన్నా," అంది కూతురు. "వాటిని తియ్యకు."

మెకానిక్కు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, వచ్చి మంచం పట్టుకున్నాడు. అందరూ గట్టు బాట వెంట మెల్లగా వెళ్ళారు.

నీళ్ళు పై మెట్టుకి కొంచెం కిందుగా వచ్చి ఆగాయి. ఆ మెట్టు మీద తోలు చెప్పులు రెండూ పక్కపక్కనే, ముందు భాగాలు గిన్నె వైపుకి తిరిగి ఉన్నాయి, ఎడమదాని అరిగిన మడమ గుంటలో కాసిని వాననీళ్ళు నిలిచి.